బావకు బాకీ పడ్డ బొమ్మల పేజీలు

చెదలు తిన్నవి ముందు చెబుతాను. వారపత్రికల నుంచి కత్తిరించి బైండు చేయించిన బొమ్మల సీరియళ్లు ఎనభై ఆరు సంపుటాలు. పిల్లల మాసపత్రికలు, విడి సంచికలు, ఆరు వందల నలభై. ఇంగ్లీషు నుంచి, హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన కామిక్స్ పుస్తకాలు నాలుగు వందల పదకొండు. మా బృందం సొంతంగా రాసి, గీసి, జిరాక్స్ తీయించి పంచుకున్న చిన్న పత్రిక ఇరవై తొమ్మిది సంచికలు. మొత్తం పదకొండు వందల అరవై ఆరు. వీటిలో పదకొండు వందల అరవై అయిదు నావి. వాటి గురించి ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. మిగిలిన ఒక్కటి మా బావది.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున మా ఊరూ వాళ్ల ఊరూ పక్కపక్కనే. ఇద్దరివీ చేపల వేట మీద బతికే ఇళ్లు. హైస్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్నాం. అప్పటి నుంచి ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటున్నాం. అతను ఇప్పుడు చేపల వ్యాపారం చేస్తాడు. నేను రాజాంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ని.

మా ల్యాబులో లోపలి గది ఒకటుంది. సోడియం దీపంతో చేసే ప్రయోగాలకు చీకటి కావాలి కనుక దానికి కిటికీలు పెట్టలేదు. పాత పత్రికల కాగితాన్ని పాడుచేసేవి వెలుతురు, తేమ, వేడి. మా ఇంట్లో ఈ మూడూ దండిగా ఉంటాయి. ఆ గదిలో మూడూ తక్కువ. ప్రిన్సిపాల్ గారిని అడిగి నా ఖర్చుతో ఒక గోడ పొడుగునా అరలు కట్టించుకున్నాను. తేమ కొలిచే మీటరు పెట్టాను. ప్రతి అరలోనూ సిలికా జెల్ సంచులు వేలాడదీశాను. నెలకోసారి అంకెలు చూసేవాణ్ణి, అవి ఎప్పుడూ బాగానే ఉండేవి. చీకటిగా, చప్పుడు లేకుండా, మనుషులు తిరగకుండా ఉండే చోటు చెదపురుగుకు కూడా బాగా ఇష్టమన్న సంగతి నా లెక్కలోకి రాలేదు.

కరోనా మొదటి సెలవుల్లో కాలేజీ నెలల తరబడి మూతపడింది. తెరిచాక నేను చేసిన మొదటి పని ఆ గది తాళం తీయడం. లైటు వేస్తే అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పుస్తకాల వీపులు తిన్నగా, నంబరు చీటీలు వరసగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని ఒకటి బయటికి లాగాను. పుస్తకానికి బరువు లేదు. అట్ట చేతిలోకి వచ్చింది, లోపల ఉండవలసిన కాగితం బదులు ఎర్రమట్టి రాలింది. రెండోది లాగాను, అదీ అంతే. ఎనభై ఆరు లాగి చూసేదాకా ఆగలేకపోయాను. ఏదో ఒకటి బరువుగా తగులుతుందేమోనని ఆశ.

బావ పుస్తకం అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. అంతకు ముందు పాతికేళ్లుగా మాకో బృందం ఉంది. బొమ్మల కథల పిచ్చివాళ్లం. మొదట ఏడుగురం, నెలకో ఆదివారం విజయనగరంలో కోట దగ్గర టీకొట్టులో కలిసేవాళ్లం. ఒకరు రైల్వే, ఒకరు బ్యాంకు, ఒకరు శృంగవరపుకోటలో మందుల షాపు. సంతకం లేని బొమ్మలు ఏ చిత్రకారుడివో చేతివేళ్లు గీసిన తీరును బట్టి తేల్చేవాళ్లం. దాని మీద పోట్లాడుకునేవాళ్లం. పుస్తకాలు అరువిచ్చుకునేవాళ్లం. అరువులో పుస్తకం పోతే ఏం చేయాలన్న గొడవ ఒకసారి పెద్దదైతే రూలు నేనే రాశాను: పోయినదాని బదులు ఇంకో పుస్తకం ఇస్తే చెల్లదు, పేజీకి పేజీ ఇవ్వాలి. కాపీ అయినా సరే, అక్షరం చదవడానికి రావాలి. తరవాత బృందం ఫోన్లోకి మారి నూట అరవై మంది అయ్యాం. రూలు మాత్రం అదే.

బావ ఆ బృందంలో లేడు. అతని దగ్గర ఉన్నది ఒకే ఒక్క బొమ్మల కథ. మా చిన్నప్పుడు ఒక చిన్న వారపత్రికలో యాభై రెండు వారాలు వచ్చింది, వారానికి ఎదురెదురుగా రెండు పేజీలు. తెప్ప మీద ఒంటరిగా సముద్రం చుట్టివచ్చే మన కుర్రాడి కథ. గీసినవాడెవరో ఇప్పటికీ తెలియదు. తెప్పకు కట్టే ముడులు మాత్రం సరిగ్గా గీశాడు, అందుకే మా ఒడ్డున దానికి అంత విలువ. బావ నాన్నకు చదువు రాదు. ప్రతి వారం కొడుకు చేత ఆ రెండు పేజీలూ చదివించి, వలలు బాగుచేసుకునే వాళ్లందరికీ వినిపించేవాడు. పూర్తయ్యాక నూట నాలుగు కాగితాలనూ వల అల్లే దారంతో తనే కుట్టాడు. ఇప్పటికీ వేసవిలో వేట నిషేధం రెండు నెలలూ మగవాళ్లు పాకలో వలలు ముందేసుకుని కూర్చుంటే బావ ఆ పుస్తకం చదువుతాడు. తాతలు విన్నారు, ఇప్పుడు వాళ్ల మనవలు వింటున్నారు. కథ అందరికీ వచ్చు. అయినా పుస్తకం ముందు లేకపోతే ఎవరూ కూర్చోరు.

నేను ఆ కథకు ఇంకో విధంగా కూడా రుణపడ్డాను. మా ఊరి బడిలో నేను చదివినన్నాళ్లూ లెక్కల మాస్టారు లేరు. ఒడ్డున చేప పంచుకోవడం చూసి భాగహారం నేర్చుకున్నాను: పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, మనిషికి ఒక వాటా. తక్కినది ఈ బొమ్మల వల్ల. ఒక వారం ఆ కుర్రాడు దూరంగా ఓడను చూస్తాడు. మొదటి బొమ్మలో తెరచాప కొయ్య కొన మాత్రమే కనిపిస్తుంది, రెండో బొమ్మలో తెరచాపలు, మూడో బొమ్మలో ఓడంతా. ఎందుకలా అని మా నాన్నను అడిగితే, “సముద్రం ఒంగుంటాదిరా” అన్నాడు. ఎంత ఒంగుంటుందో కనిపెడదామని వేసవంతా ఇసకలో గీతలు గీశాను. వచ్చిన జవాబు తప్పు. తప్పని ఇంటర్లో తెలిసింది. అప్పటికి లెక్క కట్టకుండా ఉండలేని మనిషినైపోయాను. ఇప్పటికీ ఫస్టియర్ పిల్లలకు మొదటి క్లాసులో ఆ మూడు బొమ్మలే బోర్డు మీద గీస్తాను. “ఇది సిలబస్‌లో ఉందా సార్?” అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉందనే చెబుతాను.

చిన్నప్పుడు నేను కత్తిరించుకున్న పేజీలు ఎప్పుడో చిరిగిపోయాయి. అందుకని బావ పుస్తకం ఫొటోలు తీసి పదిలం చేద్దామని బావను ఎన్నో ఏళ్లు బతిమాలాను. చివరికి ఒక చలికాలం, నిషేధం మొదలయ్యేలోగా తిరిగివ్వాలన్న మాట మీద ఇచ్చాడు. కాగితాలు సముద్రపు గాలికి అలల్లా వంకర తిరిగి ఉన్నాయి. మొదటి మూడు వారాలు, అంటే ఆరు పేజీలు, మచ్చుకు ఫోన్లో తీశాను. మిగతావి బరువు కింద పెట్టి కొన్నాళ్లు పొడిగా ఉంచితే సాఫీ అవుతాయని ఆ గదిలో పెట్టాను. తరవాత తాళం పడింది.

మట్టి దులిపితే అడుగు అట్ట దగ్గర అక్కడక్కడా తొమ్మిది కాగితాలు మిగిలాయి. వాటిని సంచిలో పెట్టుకుని బావ ఐసు షెడ్డుకు వెళ్లాను. రొయ్యల పెట్టెలకు మూతలు బిగిస్తున్నాడు.

“ఏటి బావా, ఇన్నాళ్లకి! పుస్తకం తెచ్చినావా?”

సంచి చేతికిచ్చాను. లోపలికి చూశాడు.

“ఇదేటి?”

“సెదలు బావా.”

ఒక కాగితం తీసి అటూ ఇటూ తిప్పి మళ్లీ లోపల పెట్టాడు.

“నీకాడ తాళం ఉన్నాది, మీటర్లున్నాయి, సదువున్నాది. నాకాడ ఉప్పుగాలి ఉన్నాది. నలభై ఏళ్లు ఆ ఉప్పుగాలి దాన్నేటీ సెయ్యనేదు బావా.”

“ఎలాగోలాగ మళ్లీ తెస్తాను.”

“మీ సంగం రూలేటి? నువ్వే రాసినానని గొప్పగా సెప్పీవోడివి కదా?”

“పేజీకి పేజీ.”

“ఎన్ని?”

“నూట నాలుగు.”

“అయితే తే.” అని మూతలు బిగించడంలో పడ్డాడు. తరవాత నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ తరవాత వచ్చిన నిషేధంలో కూడా పాకలో చదువు జరగలేదని మా అప్ప, అంటే అక్క, చెప్పింది. పుస్తకం ఏదని అడిగినవాళ్లకు, “పెపంచకం సూడ్డానికెల్లినాది, వస్తాది” అన్నాడట. నా పేరు చెప్పలేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

లెక్క సులువుగానే కనిపించింది. ఫోన్లో ఉన్నవి ఆరు, మిగిలిన కాగితాలు తొమ్మిది, కలిపితే పదిహేను. ఇవ్వవలసినవి ఎనభై తొమ్మిది. నూట అరవై మంది పిచ్చివాళ్లలో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉండకపోతాయా అనుకున్నాను. అడిగాను. ఒక్క పేజీ రాలేదు. పేరున్న పత్రికల పేరున్న వీరులను అందరూ దాచుకున్నారు. ఇది చిన్న పత్రిక, ఎప్పుడో మూతపడింది. గ్రంథాలయాల్లో పాత వారపత్రికలను ఎప్పటికప్పుడు తూకానికి అమ్మేస్తారు. నాలుగు నెలలు తిరిగాను. అయినా దొరకవని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. వేల కాపీలు అచ్చయిన వస్తువు ఒక్కటీ మిగలకుండా పోవడం కష్టం. వెతికే చోటు తప్పై ఉంటుంది.

ఆ తప్పు మా అప్ప ఇంట్లో బయటపడింది. అప్ప బావ వాళ్ల ఊళ్లోనే ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. వాకిట్లో మంచం మీద కూర్చున్నాను.

“ఏటైనాదిరా? కొంప ములిగిపోయినట్టు కూకున్నావు?”

“బావ పుస్తకం దొరకనేదప్పా. నావీ అన్నీ పోనాయి.”

“బొమ్మల పుస్తకాలేనా?”

“ఆఁ.”

“మంచి పని సేసినాయి సెదలు. నీ బొమ్మలు నా నవల్ని తినీసినాయి. ఆటిని సెదలు తినీసినాయి. సరిపోనాది.”

“నీ నవలేటి?”

“ఏటంటాడు సూడు!” అని చేతిలోని చేట కింద పెట్టింది. “వారం వారం నా నవల ఆకరు పేజీ ఎవుడు కోసుకుపోయీవోడు? మేడింటి కోడలు తలుపు తీసినాది. గుమ్మంలో నిలబడింది ఎవులు? ఎవుల్రా? ఆ పేజీ నీ బొమ్మకి ఎనకాల ఉండిపోనాది. ఇంటికి పుస్తకం ఒకటే వచ్చీది. కత్తెర నువ్వు ముందు దాచీసీవోడివి. అమ్మ నిన్నేటీ అనీది కాదు, మగపిల్లోడివని.”

“అప్పా, మళ్లీ సెప్పు.”

“ఏటి సెప్పాలి? ఎదవన్నర ఎదవ్వని సెప్పాలి.”

అప్ప మనవడి నోటుపుస్తకం నుంచి నాలుగు కాగితాలు అడిగి మడత పెట్టి పత్రికలా చేశాను. బొమ్మలు ఎదురెదురు పేజీలు. ఎడమ పేజీ ఒక కాగితానికి వెనక వైపు, కుడి పేజీ దాని తరవాతి కాగితానికి ముందు వైపు. ఎడమ పేజీకి అవతల ఆ వారం నవల చివరి పేజీ. కుడి పేజీకి అవతల ఏముండేదని అప్పనే అడిగాను.

“వంటలు. ఎవులికి కావాల? కేకులూ గీకులూ.”

అంటే బొమ్మల కోసం కత్తిరించిన ఇంట్లో నవల చివర్లు పోతాయి. నవల కోసం కత్తిరించిన ఇంట్లో బొమ్మల ఎడమ పేజీలు ఉండిపోతాయి. వంటల కోసం కత్తిరించిన ఇంట్లో కుడి పేజీలు ఉంటాయి. పాతికేళ్లుగా మేం నాలాంటి మగపిల్లలు పెరిగిన ఇళ్లను మాత్రమే అడుగుతున్నాం. ఆ రోజుల్లో కత్తెర పట్టినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. సీరియల్ నవల బైండు చేయించని ఇల్లు ఉండేది కాదు.

ఫోన్లో బృందానికి రాశాను: బొమ్మలు వద్దు, మేడింటి కోడలి నవల బైండు ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. “మాస్టారు ముసలితనంలో నవలల్లో పడ్డారు” అని ఒకరు, “మేడమ్ గారు చదవమన్నారా?” అని ఒకరు. సాయంత్రానికి శృంగవరపుకోట మందుల షాపు ఆయన ఫోన్ చేశాడు. “అది మా అమ్మ దగ్గర ఉన్నాది మాస్టారూ. ఇనప్పెట్టెలో నలభై బైండ్లున్నాయి. కానీ మీరే వచ్చి అడగండి. నేనడిగితే తన్నుతాది.”

ఎందుకు తంతుందో వెళ్లాక తెలిసింది. ఆవిడకు ఎనభై దగ్గర పడుతోంది, కళ్లజోడు లేకుండా చదువుతుంది. బైండు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది గానీ నా చేతికివ్వలేదు.

“ఇందులో నాలుగు వారాల చివర్లు లేవు బాబూ. ఈ మహానుభావుడు కోసీసేడు. నాలుగోసారి చెవి మెలేస్తే అప్పుడు మానేడు.”

“చిన్నపిల్లాణ్ణమ్మా,” అన్నాడు యాభై రెండేళ్ల కొడుకు.

“కోసి ఊరుకున్నాడా? అన్నం మెతుకులతో గోడకంటించేడు. బొమ్మలేమో ఇటు, నా కథేమో గోడకి. గీకి చూసేను, సున్నం వచ్చింది.”

నవల ఇరవయ్యో వారం నుంచి చివరి దాకా మా బొమ్మల కథతో పాటు నడిచింది. ఆ ముప్పై మూడు వారాల ఎడమ పేజీల్లో అయిదు మిగిలిన తొమ్మిదిలోనే ఉన్నాయి కనుక నాకు కావలసినవి ఇరవై ఎనిమిది. కొడుకు కోసినవి ఇరవై మూడు, ముప్పై ఒకటి, నలభై, యాభయ్యో వారాలు. యాభయ్యో వారం మిగిలిన తొమ్మిదిలో నా దగ్గరే ఉంది. మూడు పోగా ఇరవై అయిదు వస్తాయి. చేతికందే దూరంలో ఇరవై అయిదు పేజీలు.

“పిన్నిగారూ, కుట్టు విప్పను, పుస్తకం బయటికి తీసుకెళ్లను. ఇక్కడే కూర్చుని ఫొటోలు తీసుకుంటాను.”

“తీసుకోండి. నాకేమిస్తారు?”

“ఏం కావాలి?”

“నాలుగు చివర్లు.”

ఆవిడ అడిగింది న్యాయమే. మా రూలు కూడా అదే. యాభయ్యో వారం కాగితం ఇవ్వగలను. మిగతా మూడూ చెదల కడుపులోకి పోయాయి. ఇంటికొస్తూ బస్సులో గుర్తొచ్చింది. బావ నాన్న కాగితానికి రెండు వైపులా చదివించేవాడు. డబ్బులిచ్చి కొన్న కాగితంలో ఒక వైపు వదిలేయడం ఆయనకు ఒప్పేది కాదు. వలల దగ్గర మగవాళ్లంతా తెప్ప కథ విని, ఆపైన మేడింటి కోడలి కథ చివరి పేజీ కూడా విని, అత్తను తిట్టుకుంటూ లేచేవారు.

ఈసారి బావ ఫోన్ ఎత్తాడు.

“ఇరవై అయిదు పేజీలు దొరికినాయి బావా. కానీ ఆ ఇంటావిడ ఊరికినే ఇవ్వదు.”

“ఎంతంట?”

“డబ్బులు కాదు. మూడు వారాల కథ సెప్పాలంట. ఎనకాల పేజీది.”

అవతల బావ పెట్టె మూత కింద పెట్టిన చప్పుడైంది.

“మేడింటి కోడలిదా?” అన్నాడు. తరవాత, “ఆ అత్త మంచిది కాదు బావా,” అన్నాడు. ఆ తరవాత, “ఎప్పుడెల్దాం?”

ఐసు పెట్టెలో వంజరం చేప పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. శృంగవరపుకోటలో ఆవిడ ఎదుట కుర్చీ అంచు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

“ఇరవై మూడో వారం అమ్మా. కోడలు తలుపు తీసినాది. గుమ్మంలో కన్నోరింటి తమ్ముడు. సేతిలో సంచి, మొకం నిండా సెమట. ‘అక్కా, నాన్న నిన్ను తెమ్మన్నాడు’ అన్నాడు. ఎనకాల అత్త నిలబడి ఇనీసినాది.”

ఆవిడ కళ్లు మూసుకుంది. “తమ్ముడా! నేను మొగుడనుకున్నాను. ఇన్నేళ్లూ మొగుడే అనుకున్నాను. అందుకే ఇరవై నాలుగు అర్థం కాలేదు నాకు. ఊఁ, ముప్పై ఒకటి?”

“ముప్పై ఒకటి, అత్త ఉత్తరం పొయ్యిలో ఎట్టీసినాది. ముసిలిది సగం కాలినాక మళ్లీ తీసినాది. ఏలనో మరి, తీసి కొంగులో కట్టుకున్నాది.”

“తీసిందా!” అని ఆవిడ కొడుకు వైపు చూసింది. “చూసేవా, నేననలేదూ, దానికి లోపల ప్రేమ ఉన్నాదని?”

“మరి నలభయ్యి,” అని బావ ఊపు మీద అందుకున్నాడు. “ఆ పిల్ల ఇంకుండలేక రేత్రికి రేత్రి పడవెక్కినాది. గాలి అడ్డం తిరిగినాది. తెరసాప సినిగిపోనాది—”

“పడవా? ఆ మేడ విజయనగరంలో కదా, పడవెక్కడిదయ్యా?”

“ఎక్కినాదమ్మా. నానే సదివినాను.”

“అది ఇటు వైపు కథండీ,” అని కొడుకు నవ్వాపుకోలేకపోయాడు. “తెప్ప కుర్రాడిది.”

“ఒకే కాయితం కదేటి,” అన్నాడు బావ, కొంచెం చిన్నబుచ్చుకుని.

ఆవిడ తీర్పు చెప్పింది. “రెండు చివర్లు నమ్ముతాను. మూడోది నమ్మను.” నేను యాభయ్యో వారం కాగితం చేతిలో పెట్టాను. నవల వైపు తిప్పి వెలుతురు వైపు పట్టుకుని నిదానంగా చదివింది. ముగించి మళ్లీ మొదటి నుంచి చదివింది. “ఇంతేనా!” అంది. “నేను ఇంతకంటే బాగా అనుకున్నాను.” అయినా కాగితం వెనక్కివ్వలేదు. దాని ఇటు వైపు ఫొటో నా దగ్గర అప్పటికే ఉంది కనుక ఉంచుకోమన్నాం. బావ తల ఊపాడు.

ఇరవై అయిదు పేజీలూ ఆ మధ్యాహ్నమే తీసుకున్నాం. బావ బైండు పట్టుకున్నాడు, నేను ఫోన్ పట్టుకున్నాను. ప్రతి పేజీ దగ్గరా ఆగి చదవబోయేవాడు. “కదపకు బావా” అని పదిసార్లు అన్నాను. వంటల సంగతి అడిగితే ఆవిడ లోపలి నుంచి బిస్కట్ల డబ్బా తెచ్చింది. నూనె మరకలతో, పసుపు వేలిముద్రలతో వంటల పేజీలు. వెనక్కి తిప్పితే తెప్ప కుర్రాడు. మాకు కావలసిన కుడి పేజీలు నలభై అయిదుకు ఇరవై రెండు ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయంటే, “అవి వంకాయా, కాకరకాయా. మా ఇంట్లో ఎవరూ తినరు” అంది.

అక్కడి నుంచి పని వేగంగా సాగింది. నాలుగో వారం నుంచి పదహారు వారాల ఎడమ పేజీలు రాజాంలోనే, ధాన్యం వ్యాపారి ఇంట్లో, అంతకు ముందు నడిచిన ఇంకో నవల వెనక దొరికాయి. నేను రోజూ కాలేజీకి వెళ్లే వీధి అది. కుడి పేజీలు మాత్రం ఒక్కో వంటింటి నుంచి ఒకటీ రెండూ వచ్చాయి, మొత్తం పన్నెండు. మా బృందంలో మగవాళ్లు ఇప్పుడు ఒకరింటికి ఒకరు వెళ్తే పుస్తకాల అర అడగడం లేదు, వంటలు రాసుకున్న డబ్బా ఉందా అని అడుగుతున్నారు. నా పదకొండు వందల అరవై అయిదులో కూడా ఈ దారిన కొన్ని తిరిగొస్తున్నాయి. వాటి లెక్క వేరు.

వచ్చినవన్నీ పాత కొలతకు సరిగ్గా అచ్చు వేయించి విజయనగరంలో అట్ట చేయించాను. కుట్టు మాత్రం బావ నన్ను వేయించనివ్వలేదు. వల దారం తెచ్చి తనే కుట్టాడు. లేని పేజీల చోట తెల్ల కాగితాలు పెట్టమన్నాడు. ఆ ఖాళీలు కనబడకుండా మూసేద్దామని నేను అంటే ఒప్పుకోలేదు. పోనీ, బృందంలో మంచి చిత్రకారుడున్నాడు, కథ అందరికీ తెలిసిందే, గీయిస్తానన్నాను. “నాను పేజీ అడిగినాను. బొమ్మ అడగనేదు,” అన్నాడు.

మొన్న నిషేధంలో పాకలో చదువు మళ్లీ మొదలైంది. నేనూ వెళ్లి వలల పక్కన కూర్చున్నాను. బావ గొంతు వయసు వల్ల కొంచెం గరగరలాడుతోంది గానీ ఆగడం లేదు. ఇరవై మూడో వారం వచ్చేసరికి తెల్ల కాగితం తగిలింది.

“ఏటాగిపోనావు మావా?” అన్నాడు వల ముడేస్తున్న ఒకాయన.

బావ ఆ తెల్ల కాగితాన్ని ఎత్తి అందరికీ కనబడేటట్టు రెండు వైపులా తిప్పి చూపించాడు.

“ఇది పొపీసరు గారి బాకీ. అదిగో, ఆ మూల కూకున్నాడు. ఆయన్నే అడగండి.”

అందరూ నా వైపు తిరిగారు. అడిగారు కూడా. తుపాను వచ్చిందా లేదా, ఆ కుర్రాడు తెప్పకు అడ్డకర్ర మార్చాడా లేదా, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. పేజీ వచ్చేదాకా ఏదీ ఒప్పుకోనని బావ అన్నాడు. నాకు అది కోపంగా వినిపించలేదు. ఇంటికెళ్లేటప్పుడు ఎప్పటిలాగే నా బండి దాకా వచ్చి, “వారం వారం ఫోన్ సెయ్యి బావా, ఎన్నొచ్చినాయో సెప్పు,” అన్నాడు. చేస్తున్నాను.

నూట నాలుగులో తొంభై ఇచ్చాను. ఎడమ వైపువి మూడు, కుడి వైపువి పదకొండు రావాలి. ఈ రోజుకు బాకీ పద్నాలుగు పేజీలు.